వెళ్లేటప్పుడు చంకలో, వచ్చేటప్పుడు నేల మీద

ఇవాళ కుక్కపిల్లకు తాడు అలవాటు చెయ్యడం గురించి మాట్లాడుకుందాం. మా ఇంట్లో కుక్క లేదు కదా అని రేడియో కట్టెయ్యకండి. పక్కింట్లో ఉండే ఉంటుంది. మన చెన్నై రాయపురం సందుల్లో సాయంత్రంపూట ఎక్కడో ఒకచోట ఇది కనబడుతూనే ఉంటుంది. కొత్తగా తెచ్చుకున్న పిల్ల. మెడలో కొత్త బెల్టు. తాడు కొస ఇంటాయన చేతిలో ఉంటుంది. ఆయన ముందుకు లాగుతుంటాడు. అది గడప దగ్గరే నాలుగు కాళ్లూ బిగబట్టి వెనక్కి వాలిపోతుంది. బెల్టు చెవుల దాకా జారుతుంది. మెడ మీది చర్మమంతా మొహం మీదికి ముడతలు పడుతుంది. గోళ్లు సిమెంటు మీద గీసుకుంటూ గరగరమంటాయి. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు "మొండిదండీ, రెండు తగిలించండి" అంటారు. ఇంకొకరు "పాపం, ఎత్తుకోండి" అంటారు. రెండో సలహాలో సగం నిజం ఉంది. ఆ సగం ఏమిటో కాసేపట్లో చెబుతాను. మొదటి సలహాలో మాత్రం పనికొచ్చేది ఏమీ లేదు. ఎందుకు లేదో ముందు చూద్దాం.

అది మొండితనమా, భయమా? తేల్చుకోడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఆ పిల్లకు ప్రాణమైన తిండి ఏదో ఒకటి చిన్న ముక్క తీసి ముక్కు ముందు పెట్టండి. ఇంట్లో అయితే ఎగిరి అందుకునేదే. గడప దాటాక అదే ముక్కను వాసన కూడా చూడకుండా మొహం తిప్పుకుందంటే, అది భయం. భయపడ్డ ప్రాణికి తిండి మీదికి ధ్యాస పోదు. ఒళ్లంతా పరుగుకు సిద్ధమవుతుంటే కడుపు తన పని పక్కన పెట్టేస్తుంది. ఇంకా చూడండి. తోక కాళ్ల మధ్యకు దూరుతుంది. చెవులు వెనక్కి అతుక్కుంటాయి. ఎండ లేకపోయినా రొప్పుతుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. మాటిమాటికీ మూతి నాక్కుంటుంది. ఇవన్నీ భయం గుర్తులే. ఒకవేళ ముక్క తీసుకుని తిని మళ్లీ అక్కడే చతికిలబడిందనుకోండి. అప్పుడు భయం తక్కువ, అయోమయం ఎక్కువ. తనను ఏం చెయ్యమంటున్నారో దానికి బోధపడలేదు. అంతేగాని, రెండు నెలల పిల్ల మనల్ని ధిక్కరించాలని కంకణం కట్టుకుందనుకోవడం మన గొప్పే. దాని లెక్కలో మనం ఇంకా అంత ముఖ్యులం కాలేదు.

భయపడడానికి అక్కడ ఏముంది అంటారా? ఒక్కసారి జానెడు ఎత్తు నుంచి మన వీధిని చూడండి. హార్బరుకు పోయే కంటెయినర్ లారీలు. ఆగి ఆగి మనుషుల్ని ఎక్కించుకునే షేర్ ఆటోలు. ఐసు నీళ్లు కారుతూ పోయే చేపల బళ్లు. రాయపురం స్టేషను 1856లో మొదలైంది. ఈ పేటకు రైలు కూత తాతల నాటి చుట్టం. నిన్నగాక మొన్న తల్లి దగ్గర్నుంచి వచ్చిన పిల్లకు మాత్రం అది ఆకాశం విరిగిపడ్డ చప్పుడు. పైగా ఇక్కడి సందులు ఇరుకు. పక్కకు తప్పుకోడానికి చోటుండదు. ఎదురొచ్చేది లారీ అయినా, మనిషి కాలు అయినా, మీదికే వస్తున్నట్టుంటుంది. అలాంటప్పుడు మెడ దగ్గర ఒక లాగుడు కూడా తోడైతే ఆ పిల్లకు తెలిసొచ్చేది ఒక్కటే. ఈ తాడు ఉన్నప్పుడు నేను పారిపోలేను. భయానికి తాడు జతకలుస్తుంది. రెండో రోజు తాడు చేతిలోకి తీసుకోగానే మంచం కిందికి దూరే కుక్కపిల్లలు ఇలాగే తయారవుతాయి.

ఇంకో సంగతి. తాడు లాగితే వెనక్కి లాగడం కుక్క కావాలని చేసే పని కాదు. తనను దేనికైనా కట్టి కదలకుండా చేస్తే పెనుగులాడడం చాలా జంతువుల సహజ గుణం. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ పేరు మీరు విని ఉంటారు. గంట, లాలాజలం ప్రయోగాలు చేసినాయన. ఆయన 1917లో ఒక వింత కుక్క గురించి రాశాడు. మిగతా కుక్కలన్నీ ప్రయోగశాలలో పట్టీలతో కట్టి బల్ల మీద నిలబెడితే కొన్నాళ్లకు అలవాటు పడేవి. ఇది మాత్రం పడలేదు. కట్టిన ప్రతిసారీ పెనుగులాట, చొంగ. పొగరుబోతు కుక్క అని దాన్ని కొట్టలేదు ఆయన. అది పుట్టుకతో వచ్చిన స్వేచ్ఛా స్వభావమని గుర్తించి, దాని తిండంతా ఆ బల్ల మీదే పెట్టించాడు. వేరేచోట పెట్టలేదు. నెలలు పట్టింది. చివరికి నెమ్మదించింది. వేరేచోట తిండి లేకుండా చెయ్యడం కటువైన పద్ధతే. మనం అంత దూరం పోనక్కర్లేదు. అందులోంచి మనం తీసుకోవలసింది ఏమిటంటే, తాడు మీద ఉన్న వ్యతిరేకతను బలంతో గెలవలేం. తాడు ఉన్నచోటే మంచి జరుగుతుందని ఆ జంతువుకు అనుభవం కావాలి.

ఇక అసలు మాట. కుక్కపిల్లకు నడక నేర్పేది తాడు బిగువు కాదు, తాడు వదులు. మళ్లీ చెబుతాను. బిగువు కాదు, వదులు. తాడు బిగిసిందంటే మీరు ఆగిపోవాలి. తాడు వదులైందంటే మీరు కదలాలి. పిల్ల వెనక్కి లాగి బిగిసిందా, మీరు చెయ్యి ముందుకు చాపి కాస్త వదలండి. అక్కడే నిలబడండి. అది ఒక్క అడుగు మీవైపు వేస్తుంది. తాడు మధ్యలో వేలాడుతుంది. ఆ క్షణంలోనే మెచ్చుకోవాలి. ఆ క్షణంలోనే తిండి ముక్క పెట్టాలి. అడుగు వేస్తే మెడ తేలికైంది, నోరు తీపైంది. ఈ లెక్క కుక్కపిల్లకు చాలా త్వరగా అర్థమవుతుంది. మనుషులకే ఆలస్యంగా అర్థమవుతుంది. ఎందుకంటే చేతిలో తాడు ఉంటే లాగకుండా ఉండడం మనకు చేతకాదు.

దీనికి వయసు కూడా ముఖ్యం. అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊళ్లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో పెద్ద పుస్తకం వేశారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా పిల్ల కొత్తవాటిని తేలిగ్గా తనవిగా చేసుకుంటుందని వాళ్లు తేల్చారు. ఆ పరిశోధనశాలలోనే జరిగిన ఇంకో ప్రయోగం ఫలితాలు 1961లో వచ్చాయి. కొన్ని పిల్లల్ని తల్లితోపాటు కంచె వేసిన పెద్ద మైదానంలో ఉంచారు. మనుషుల పొడ పెద్దగా తగలనివ్వలేదు. వాటిలో కొన్నిటిని వేర్వేరు వయసుల్లో వారం రోజులపాటు లోపలికి తెచ్చి మనుషులతో మెలగనిచ్చారు. మిగిలినవాటిని 14 వారాల దాకా ముట్టుకోలేదు. ఆ మిగిలినవి అడవి జంతువుల్లా తయారయ్యాయి. మనిషి దగ్గరికొస్తే పారిపోయాయి. తాడు కట్టి నడిపించే పరీక్షలోనూ మొరాయించాయి. ఒక్క వారం పరిచయం అంత పని చేసింది. కాబట్టి, పెద్దయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ తలుపు మెల్లగా మూసుకుపోతుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. డాక్టరుగారు టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్లొద్దన్నారు కదా అంటారు. నిజమే. పార్వో లాంటి జబ్బులు నేల మీదే పొంచి ఉంటాయి. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున దాదాపు 16 వారాల దాకా సాగుతాయి. భయం పోగొట్టే వయసేమో పన్నెండు వారాలకే ముగింపుకొస్తుంది. మరి ఈ చిక్కు ఎలా విప్పాలి? అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2008లోనే ఈ విషయం మీద తన అభిప్రాయం చెప్పింది. మొదటి విడత టీకా పడి వారం గడిచాక, జాగ్రత్తలతో లోకాన్ని చూపించడం మొదలుపెట్టాలి, ఆఖరి టీకా దాకా ఆగకూడదు అని. మన వీధుల్లో ఆ జాగ్రత్త అంటే చంకలో ఎత్తుకోవడమే. నేల తగలకూడదు, కన్నూ చెవీ ముక్కూ మాత్రం అన్నీ అందుకోవాలి. అందుకే మొదట్లో అన్నాను, ఎత్తుకోమన్న సలహాలో సగం నిజం ఉందని. ఎత్తుకుని ఇంట్లోకి పోతే భయం అలాగే ఉంటుంది. ఎత్తుకుని వీధిలోకి పోవాలి.

ఈలోగా ఇంట్లో చెయ్యాల్సిన పని ఉంది. కొత్త చెప్పులు కొన్నప్పుడు ఏం చేస్తాం? తొడుక్కుని నేరుగా తిరుపతి కొండ ఎక్కం. కరుస్తాయని తెలుసు. రెండ్రోజులు ఇంట్లో తొడుక్కుని తిరుగుతాం. బెల్టూ అంతే. అన్నం పెట్టే ముందు తొడగండి. తినడం అయ్యాక తీసెయ్యండి. బెల్టు వచ్చిందంటే గిన్నె వస్తుందని దానికి తెలియాలి. నన్నడిగితే మెడకు కట్టే పట్టీ కన్నా, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ మంచిది. మెడ పట్టీ మీద లాగుడు పడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, ఛాతీ పట్టీతో అలా పెరగదనీ 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అంతకన్నా పెద్ద కారణం మన వీధులే. బెదిరిన పిల్ల వెనక్కి గుంజుకుంటే మెడ పట్టీ తలమీదుగా ఊడొస్తుంది. ఆ తర్వాత అది పరిగెత్తేది లారీల కిందికే. హార్నెస్ కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి. అంతకన్నా బిగువొద్దు, అంతకన్నా వదులొద్దు.

బెల్టుకు అలవాటు పడ్డాక తాడు. మొదటిరోజే దుకాణంలో అమ్మే బరువు గొలుసు తగిలించకండి. లంగా బొందు ఒకటి చాలు. తేలిగ్గా ఉంటుంది, చప్పుడు చెయ్యదు. దాన్ని హార్నెస్‌కు కట్టి వదిలెయ్యండి. పిల్ల ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మొదట తిరిగి చూసి కరుస్తుంది. తర్వాత మరిచిపోతుంది. మీ కన్ను మాత్రం దాని మీదే ఉండాలి. మంచంకోడుకు చుట్టుకుంటే కంగారు పడుతుంది. కొన్నాళ్లకు ఆ బొందు కొస చేతిలోకి తీసుకోండి. అది ఎటు పోతే అటు మీరే వెళ్లండి. అవును, మీరే దాని వెనక. తర్వాత ఒకచోట ఆగి, పక్కకు తిరిగి, గొంతుక్కూర్చుని పేరు పెట్టి పిలవండి. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తూ పిలిస్తే భయపడ్డ పిల్లకు అది బెదిరింపులా ఉంటుంది. రాగానే మోకాలి పక్కన ముక్క పెట్టండి. ఆ ముక్కకు మన పక్కన మంచి సరుకే దొరుకుతుంది. కాశిమేడు చేపల రేవు నుంచి వచ్చిన పచ్చి నెత్తళ్లు ఉప్పు వెయ్యకుండా ఉడికించి, తల, నడిముల్లు తీసేసి, గోరంత ముక్కలు చేసుకోండి. ఎండు నెత్తళ్లు వద్దు, ఉప్పు ఎక్కువ. ఉల్లిపాయ పడ్డ కూర ముక్కలు అసలే వద్దు. శాకాహారులకు పెరుగన్నం మెతుకులు, పనీరు తునకలు ఉండనే ఉన్నాయి.

ఇంట్లో తాడు వదులుగా నడిచే పిల్ల గడప దాటగానే మళ్లీ కొయ్యబారిపోతుంది. నేర్పిందంతా వృథా అయిందని నిరుత్సాహపడకండి. దానికి ఇల్లు వేరు, వీధి వేరు. ఇప్పుడు అసలైన కిటుకు వినండి. వెళ్లేటప్పుడు చంకలో. వచ్చేటప్పుడు నేల మీద. ఇంటి నుంచి ఇరవై అడుగుల దూరం ఎత్తుకుని తీసుకెళ్లండి. మెల్లగా దింపండి. మీ మొహం ఇంటివైపు తిప్పండి. భయపడ్డ పిల్లకు ఎక్కడికెళ్లాలని ఉంటుంది? ఇంటికే. దాని మనసు ఎటు లాగుతుందో, మన నడకా అటే. తాడు బిగవదు. మొదటి నడక గెలుపుతో మొదలవుతుంది. మర్నాడు పాతిక అడుగులు, ఆ మర్నాడు సందు మలుపు. ఒక వారానికి, దింపిన చోటి నుంచి రెండడుగులు ముందుకు కూడా వేస్తుంది, ఏదో వాసన పట్టుకుని. అప్పుడు మీరు దాని వెనక వెళ్లండి. వారానికి కాకపోతే రెండు వారాలకు. టీకాలు పూర్తి కానప్పుడు ఇదే పని మేడ మీద చెయ్యొచ్చు. మెట్లదాకా ఎత్తుకుని, అక్కణ్నుంచి గదివైపు నడిపించడం. కిటుకు అదే. వెళ్లేటప్పుడు చంకలో, వచ్చేటప్పుడు నేల మీద.

ఏ వేళకు వెళ్లాలన్నది కూడా ఆలోచించాలి. కుక్కల పుస్తకాలన్నీ తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుంది, అప్పుడు వెళ్లండి అని రాస్తాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు కాశిమేడు పక్కన కాపురం ఉండలేదు. మనకు తెల్లవారుజామే సందడి. వేలంపాటలు, ఐసు పెట్టెలు, చేపల బళ్లు. ఆదివారమైతే చెప్పనే అక్కర్లేదు, పట్నమంతా ఇక్కడే ఉంటుంది. మన వీధులు కాస్త సద్దుమణిగేది రాత్రి భోజనాలయ్యాక. ఆ వేళ మంచిది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కదా. ఆ రోజుల్లో హార్బరువైపు రద్దీ తగ్గుతుంది. భయస్థురాలైన పిల్లకు అంతకన్నా మంచి కాలం దొరకదు. కాకపోతే అది కత్తిరి ఎండల కాలం. తారు రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఆనించి చూడండి. ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

వీధికుక్కల మాట రానే వస్తుంది. మన పేటలో ప్రతి సందుకూ నాలుగు కాపలాదార్లు ఉంటాయి. అవి తమ హద్దు దాకా వచ్చి మొరుగుతాయి. చాలావరకు హద్దు దాటవు. ఆ హద్దు ఎక్కడో నాలుగు రోజుల్లో మీకు తెలిసిపోతుంది. అక్కడికి రాకముందే వెనక్కి తిరగండి. ఎదురుపడితే పిల్లకూ వాటికీ మధ్య మీరు నిలబడండి. చేతుల్లో ఇమిడేంత పిల్ల అయితే ఎత్తుకోండి. ఎత్తుకుంటే పిరికిదైపోతుందన్న మాట నేనొప్పుకోను. ప్రమాదం నుంచి కాపాడితే భయం పెరగదు, మన మీద నమ్మకం పెరుగుతుంది. మీద పడి మనిషిని కరిచినా, గీరినా, గాయాన్ని వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. అది మాత్రం రేపటికి వాయిదా వెయ్యొద్దు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, అందరూ అనేది. "రెండ్రోజులు ఈడిస్తే అదే దారికొస్తుందండీ. చూశాం కదా." చూశారు, నిజమే. ఈడ్చిన పిల్ల రెండ్రోజుల్లో పెనుగులాడడం మానేస్తుంది. తల వంచుకుని వెంట వస్తుంది. దాన్ని నేర్చుకోవడం అనొచ్చా? 1967లో పెన్సిల్వేనియాలో సెలిగ్‌మన్, ఆయన సహచరులు కుక్కల మీద కొన్ని కఠినమైన ప్రయోగాలు చేశారు. ఏం చేసినా తప్పించుకోలేని కరెంటు షాకులు కొన్ని కుక్కలకు ఇచ్చారు. తర్వాత వాటిని చిన్న అడ్డు దూకితే తప్పించుకోగల చోట పెట్టారు. వాటిలో ఎక్కువ భాగం దూకలేదు. మూలుగుతూ పడి ఉన్నాయి. ఏం చేసినా లాభం లేదని అవి తెలుసుకున్నాయి. కుక్కను హింసించి కనుక్కున్న ఆ సత్యం మనుషుల దిగులు జబ్బును అర్థం చేసుకోడానికి పనికొచ్చింది. కుక్కలకు దక్కింది మాత్రం ఏమీ లేదు. ఈడిస్తే దారికొచ్చిన పిల్లలో చాలాసార్లు జరిగేది ఇలాంటిదే. చూడ్డానికి బుద్ధిమంతురాలు. లోపల ఆశ వదులుకున్నది. ఒకరోజు అదే పిల్ల, పెద్దదయ్యాక, ఇరుకు సందులో తప్పుకోడానికి చోటులేక ఎదురొచ్చినవాళ్ల మీద పళ్లు చూపిస్తుంది.

దీనికి ఎదురు చెప్పగల సాక్ష్యం కూడా ఆ శాస్త్రవేత్తల దగ్గరే ఉంది. దాచిపెట్టడం న్యాయం కాదు. మరుసటి ఏడు, 1968లో, ఆశ వదులుకున్న ఆ కుక్కల్ని మామూలుగా చెయ్యడానికి వాళ్లు వాడింది తాడే. మెడకు తాడు కట్టి, అడ్డు దాటించి అవతలికి లాగారు. ఒకసారి కాదు, పదుల సార్లు. చివరికి అవి తమంతట తామే దూకాయి. మరి లాగడం పనిచేసినట్టే కదా? లాగిన ప్రతిసారీ అవి ఎక్కడికి చేరాయో చూడండి. నొప్పి లేని చోటికి. ఆ లాగుడు చివర ఉపశమనం ఉంది. మన ఇంటాయన లాగుడు చివర ఏముంది? లారీ హారన్. భద్రమైన చోటివైపు తీసుకెళ్లే తాడు మంచిదవుతుంది. భయంవైపు తీసుకెళ్లే తాడు చెడ్డదవుతుంది. ఇంటివైపు నడిపించమని నేను చెబుతున్నదీ అందుకే. శిక్షతో నేర్పే పద్ధతుల మీద ఇటీవలి సాక్ష్యం కూడా ఉంది. పోర్చుగల్‌లో శిక్షణ బడులకు వెళ్లే 92 పెంపుడు కుక్కల్ని పరిశీలించి 2020లో ప్రచురించారు. గుంజడం, అరవడం లాంటివి ఎక్కువగా వాడే బడుల్లోని కుక్కలకు ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనబడ్డాయి. లాలాజలంలో ఒత్తిడి హార్మోను శిక్షణ తర్వాత ఎక్కువగా పెరిగింది. తిండితో నేర్పిన బడుల్లో అలా లేదు.

రెండో అభ్యంతరం తిండి గురించే. "లంచానికి మరిగితే జేబులో నెత్తళ్లు లేనిదే అడుగు వెయ్యదు కదా?" సబబైన అనుమానమే. ముక్క ముందు చూపించి నడిపిస్తే అది లంచం. నడిచాక పెడితే అది కూలి. తేడా అక్కడుంది. ముక్కను దాని ముక్కు ముందు ఊపుతూ లాక్కెళ్లకండి. ముక్క జేబులో ఉండాలి. అడుగు పడ్డాక బయటికి రావాలి. అలవాటు కుదిరాక ప్రతి అడుగుకీ కాకుండా, పది అడుగులకు ఒకటి, తర్వాత ఎప్పుడో ఒకటి. ఆఖరికి దానికి వీధిలోని వాసనలే కూలి అవుతాయి. కరెంటు స్తంభం దగ్గర ఆగి మూడు నిమిషాలు వాసన చూస్తుంటే విసుక్కోకండి. నడక దాని కోసమే కదా.

మూడోది పెద్దవాళ్లు అనే మాట. "మా రోజుల్లో కుక్కలకు తాళ్లెక్కడివి? వాకిట్లో పడుండేవి, ఇంత గంజి తాగేవి." నిజమే. ఆ రోజుల్లో కార్పొరేషన్ వాళ్లు వీధిలో కనబడ్డ కుక్కల్ని పట్టుకెళ్లి చంపిన మాట కూడా నిజమే. 1959లో కెప్టెన్ సుందరం మొదలుపెట్టిన బ్లూ క్రాస్ సంస్థ, చంపడం మాని సంతాన నిరోధక ఆపరేషన్లు చెయ్యండని ఏళ్ల తరబడి అడిగితే, 1996లో గాని ఈ పట్నం ఒప్పుకోలేదు. ఇప్పుడు రోడ్లు వేరు, చట్టాలు వేరు. 2024 మే నెలలో థౌజండ్ లైట్స్ దగ్గర పార్కులో రాట్‌వైలర్ కుక్కలు ఒక పసిపిల్ల మీద పడ్డాక చెన్నై కార్పొరేషన్ పట్టు బిగించింది. పెంపుడు కుక్కకు లైసెన్సు, రేబిస్ టీకా, మైక్రోచిప్ ఉండాలి. లైసెన్సు లేకపోతే 5,000 రూపాయలు జరిమానా అని 2025 చివర్లో ప్రకటించింది. బయటికి తెస్తే తాడు ఉండి తీరాలి. అలాగని తాడు పేరుతో రోజంతా గేటుకు కట్టిపడెయ్యడమూ కుదరదు. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో అదేపనిగా కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ఆ చట్టం వెనక ఉన్నదీ మన మద్రాసు మనిషే. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టి సాధించారు.

ముందుకు దూకి లాక్కెళ్లే దూకుడు పిల్ల విషయం రెండు మాటల్లో చెప్పేస్తాను. సూత్రం అదే. తాడు బిగిస్తే మీరు ఆగిపోండి. అది వెనక్కి తిరిగి చూస్తుంది. తాడు వదులవుతుంది. అప్పుడు కదలండి. మొదటి రోజు పది గజాలు పోవడానికి పావుగంట పడుతుంది. పట్టనివ్వండి. ఐదారడుగుల మామూలు తాడు చాలు. నొక్కితే పొడవు పెరిగే చక్రం తాళ్లు మన ఇరుకు సందులకు పనికిరావు. వాటిలో తాడు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. వదులు నేర్పడం కుదరదు. ఇంకొకటి. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న ఆగి నిలబడితే, బడి నుంచి వచ్చిన బాబు బరబరా లాక్కెళ్తే, అది కుయ్యిమన్నప్పుడల్లా నానమ్మ ఒళ్లో పెట్టుకుంటే, పిల్లకు ముగ్గురూ మూడు పాఠాలు చెప్పినట్టు.

ఇంత చేసినా నడవని పిల్లలు కొన్ని ఉంటాయి. నెల తిరిగినా వణుకు తగ్గకపోయినా, ఒక కాలు ఆనించకుండా నడుస్తున్నా, హార్నెస్ తొడగబోతే కుయ్యోమన్నా, అది శిక్షణ సమస్య కాకపోవచ్చు. నొప్పి కావచ్చు. చెవిలో చీము ఉండొచ్చు. వేపేరిలో 1903 నాటి పశువైద్య కళాశాల ఆస్పత్రి మనకు దగ్గరే. ముందు అక్కడ చూపించండి. నొప్పి లేదని తేలితే, అది స్వభావంగానే బెదురుపిల్ల కావచ్చు. అలాంటివీ ఉంటాయి. దాన్ని ఆదివారం కాశిమేడు సంతలో నడిపించి తీరాలని ఎవరూ శాసించలేదు. పొద్దున మేడ మీద పది నిమిషాలు. రాత్రి సందు మలుపుదాకా ఎత్తుకెళ్లి, ఇంటిదాకా నడిపించుకురావడం. టీకాలకు వెళ్లినప్పుడు బుట్టలో కూర్చోవడం. దాని జీవితానికి అంత నడక సరిపోతుంది.